కుంగుబాటు (డిప్రెషన్) తగ్గాక, తిరగబెట్టినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మందుల షాపు నడుపుతున్నాను. ఇరవై ఏళ్ళు కావస్తోంది. డిప్రెషన్ మాత్రలు కొనేవాళ్ళు షాపులో ఇంకెవరూ లేని సమయం చూసుకుని వస్తారు. చీటీని నాలుగు మడతలు పెట్టి ఇస్తారు. డబ్బులు ఇచ్చేసినా వెంటనే కదలరు. చుట్టూ ఒకసారి చూసి, "అన్నా, ఇది ఎన్నాళ్ళు వాడాల?" అని మెల్లగా అడుగుతారు.

నేనూ ఆ మాత్ర మింగేవాణ్ణే. ఈ జబ్బు నాకు మూడుసార్లు వచ్చింది: 2012లో, 2013లో, 2021లో. కౌంటరు దగ్గర ఏళ్ళ తరబడి విన్న ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మాత్ర మొదలుపెట్టడం, మోతాదు మార్చడం, ఆపడం మీ డాక్టరుతో మాట్లాడే చెయ్యండి. జబ్బు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. తగ్గాక ఎట్లా ఉండాలో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకని ఎక్కువ దాని గురించే రాశాను.

ఇది మామూలు దిగులా, జబ్బా?

రెండు వారాలు లెక్క పెట్టుకోండి. మనసు దిగాలుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం, ఆకలి చెడటం, ఓపిక లేకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం, ఒళ్ళు నెమ్మదించడం లేదా కుదురు లేకపోవడం, ఎందుకూ పనికిరాననిపించడం, చావు గురించి ఆలోచనలు. ఈ తొమ్మిదింటిలో కనీసం అయిదు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలు ఉంటే డాక్టర్లు దీన్ని పెద్ద కుంగుబాటు అంటారు. ఆ అయిదింటిలో మొదటి రెండింట్లో ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

మా వైపు దీన్ని మనసు జబ్బని చెప్పుకోరు. తలబరువు, గుండెదడ, ఒళ్ళునొప్పులు, కడుపులో మంట అంటారు. గ్యాస్ మాత్రలు, నొప్పి మాత్రలు నెలల తరబడి కొనుక్కుపోతారు. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం కూడా అచ్చం ఇట్లాగే కనిపిస్తాయి కాబట్టి ముందు ఆ రక్తపరీక్షలు చేయించుకోవడం మంచిది.

మందు ఎన్ని రోజులకు పనిచేస్తుంది?

రెండు వారాల నుంచి మొదలై, పూర్తి ఫలితం కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. ఇబ్బంది ఏమిటంటే వికారం, తలనొప్పి, కొంచెం ఆందోళన మాత్రం మొదటి వారమే వస్తాయి. మంచి ఇంకా కనబడదు, చెడు ముందే కనబడుతుంది. పదో రోజుకు "ఈ మాత్ర నాకు పడలేదన్నా" అని వాపసు ఇవ్వడానికి వచ్చేవాళ్ళను ఎంతమందిని చూశానో. కొంచెం ఓపిక పట్టండి.

మొదటి మందుతోనే పూర్తిగా తేరుకునేవాళ్ళు సుమారు మూడోవంతు మంది. మిగతావాళ్ళకు మోతాదు పెంచడమో, మందు మార్చడమో, కౌన్సిలింగ్ తోడు చెయ్యడమో అవసరమవుతుంది. మొదటి మాత్రతో తగ్గలేదంటే ఇక తగ్గదని అర్థం చేసుకోవద్దు.

పాతికేళ్ళలోపు పిల్లలకు మొదలుపెట్టిన తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. మాత్ర వేసుకున్నాక మనిషి ఉన్నట్టుండి నిద్ర అక్కర్లేనంత హుషారుగా, గలగలా మాట్లాడుతూ, చేతికందిన డబ్బు ఖర్చు పెడుతూ ఉంటే అది కోలుకోవడం అనుకోకండి. బైపోలార్ అనే వేరే జబ్బు అయి ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పండి.

నిద్ర పడుతోంది, పనికి పోతున్నా. తగ్గినట్టేనా?

సగం తగ్గినట్టు. డాక్టర్లు దీన్ని మెట్లుగా చూస్తారు. లక్షణాలు సగానికి తగ్గితే మందుకు స్పందించినట్టు. దాదాపు ఏమీ మిగలకపోతే ఉపశమనం. ఆ ఉపశమనం నెలల తరబడి నిలిస్తే కోలుకున్నట్టు. కోలుకోకముందే పాత జబ్బు పైకి లేస్తే దాన్ని తిరగబెట్టడం అంటారు. పూర్తిగా కోలుకున్నాక వస్తే అది మళ్ళీ కొత్తగా వచ్చినట్టు. టైఫాయిడ్ తిరగబెట్టింది అంటాం చూడండి, తిరగబెట్టడం అంటే ఆ మాటే. రెండింటికీ వైద్యం దాదాపు ఒకటే, కానీ ఎన్నాళ్ళు మందు వాడాలి అన్న లెక్క మారుతుంది.

2012లో నాలుగు నెలలకు నేను షాపులో కూర్చున్నాను. లెక్కలు సరిగానే చూస్తున్నాను. అందరూ "ఇంకేం, మామూలు మనిషివి అయిపోయినావు" అన్నారు. నిజానికి పొద్దున పేపరు తెరిస్తే మొదటి పేరా దాటి చదవలేకపోయేవాణ్ణి. మా ఆవిడ చేసిన సంగటి, చెనక్కాయల చట్నీ నోట్లో పెట్టుకుంటే వేడి తెలిసేది గానీ రుచి తెలిసేది కాదు. ఆ సంగతి నేను డాక్టరుకు చెప్పలేదు, అదీ జబ్బులో భాగమేనని నాకు తట్టలేదు. ఇట్లా మిగిలిపోయిన చిన్న చిన్న లక్షణాలు ఉన్నవాళ్ళకే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే డాక్టరు "ఎట్లున్నావు?" అంటే "పర్వాలేదు సార్" అనకుండా, ఏది తిరిగొచ్చింది, ఏది ఇంకా రాలేదు అనేది విడివిడిగా చెప్పండి.

దీనికి పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నాపత్రం పనికొస్తుంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. అయిదు లోపు వస్తే ఉపశమనం కింద లెక్క. పది, ఆపైన అయితే డాక్టరును కలవాల్సిందే. నేను నెలకోసారి, ఒకటో తారీఖున కరెంటు బిల్లు చూసుకున్నట్టు దీన్నీ చూసుకుంటాను.

బాగైపోయింది కదా, ఇంకా మాత్రలెందుకు?

అన్ని ప్రశ్నల కంటే ఎక్కువగా అడిగేది ఇదే. దీనికి జవాబు నేను నా ఒంటి మీద తెలుసుకున్నాను.

2013 ప్రారంభంలో మాత్రలు నా వెనక అరలోనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాయి. నాకు డబ్బుల ఇబ్బంది లేదు, షాపుకు పోయే పని లేదు, ఎవరన్నా చూస్తారన్న సిగ్గు లేదు. అయినా మానేశాను. బాగున్నాను కాబట్టి మానేశాను. బాగున్నది ఆ మాత్ర వల్లనే అన్న ఆలోచన రాలేదు. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. ఏడో వారంలో తెల్లవారి మూడింటికి మెలకువ రావడం మొదలైంది. కొండ మీద సుప్రభాతం మొదలయ్యే వేళకు కింద నేను కళ్ళు తెరుచుకుని పడుకుని ఉండేవాణ్ణి. పదో వారానికి పొద్దున షట్టరు సగం ఎత్తి, దాని కింద నిలబడి, పూర్తిగా ఎత్తే శక్తి లేక మళ్ళీ దించేసి ఇంటికి వచ్చేశాను.

మొదటిసారి వచ్చినవాళ్ళు పూర్తిగా తేరుకున్న రోజు నుంచి కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే మోతాదు కొనసాగించాలి. లెక్క మందు మొదలుపెట్టిన రోజు నుంచి కాదు, తేరుకున్న రోజు నుంచి. ఇక్కడే చాలామంది పొరబడతారు. రెండు మూడుసార్లు వచ్చినవాళ్ళకు, బాగా తీవ్రంగా వచ్చినవాళ్ళకు రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చెబుతారు.

బ్రిటన్‌లో 478 మందితో చేసిన ఒక పరిశోధన 2021లో వచ్చింది. అందరూ చాలాకాలంగా మందు వాడుతూ, ఇక ఆపొచ్చు అనుకునేంత బాగున్నవాళ్ళు. కొందరికి మందు కొనసాగించారు, కొందరికి నెమ్మదిగా తగ్గించి ఆపేశారు. ఏ గుంపులో ఎవరున్నారో వాళ్ళకు తెలియదు. ఏడాదిలో కొనసాగించినవాళ్ళలో 39 శాతం మందికి, ఆపినవాళ్ళలో 56 శాతం మందికి తిరగబెట్టింది. ఇందులో రెండు సంగతులూ చూడండి. మందు వాడినా కొందరికి తిరగబెట్టింది. ఆపినా 44 శాతం మంది ఆ ఏడాది బాగానే ఉన్నారు. కాబట్టి ఎప్పటికీ ఆపలేం అని భయపడాల్సిన పని లేదు. ఎప్పుడు, ఎట్లా, ఎవరి కంటి కింద ఆపుతున్నామన్నదే చూసుకోవాలి.

నేను కూడా 2016లో డాక్టరుతో మాట్లాడుకుని, కొన్ని నెలలపాటు తగ్గిస్తూ ఆపాను. అయిదేళ్ళు బాగున్నాను.

ఒక రోజు మరిచిపోతే తల తిరుగుతోంది. అలవాటు పడిపోయానా?

తాగుడుకో గంజాయికో అలవాటు పడటం వేరు, ఇది వేరు. డిప్రెషన్ మాత్రలకు ఒళ్ళు సర్దుకుని ఉంటుంది. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, తలలో చిన్న కరెంటు షాకు కొట్టినట్టు ఉండటం, వికారం, పిచ్చి కలలు, చిరాకు వస్తాయి. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటి వాటితో ఎక్కువ. ఫ్లూఆక్సెటిన్ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి దానితో తక్కువ.

ఇది మందు ఆపినందువల్ల వచ్చిందా, జబ్బే తిరగబెట్టిందా అని తేడా ఎట్లా తెలుస్తుంది? ఆపిన రెండు మూడు రోజుల్లోనే మొదలై, తల తిరగడం, షాకుల్లాంటివి ఉంటే సాధారణంగా మందు మానిన ప్రభావం. మాత్ర మళ్ళీ వేసుకుంటే త్వరగా సర్దుకుంటుంది. వారాలు గడిచాక నెమ్మదిగా దిగులు కమ్ముకుంటే జబ్బు తిరగబెడుతున్నట్టు. కొందరికి రెండూ కలిసిపోతాయి, అప్పుడు డాక్టరే తేల్చాలి.

ఇంకొక్క మాట, షాపతనిగా చెబుతున్నాను. మన దగ్గర ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు, క్లోనజెపామ్ రెండూ కలిపిన మాత్ర బాగా రాస్తారు. అందులో క్లోనజెపామ్ నిద్రకు, ఆందోళనకు. దానికి మాత్రం అలవాటు పడతారు. మొదట్లో కొన్ని వారాల కోసం రాసిన చీటీతోనే మూడేళ్ళుగా వాడుతున్నవాళ్ళను నాకు తెలుసు. దాన్ని కూడా ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, ఫిట్స్ రావచ్చు. మీ షీటు మీద ఏ పేర్లున్నాయో చదువుకోండి, రెండు పేర్లుంటే డాక్టరును అడగండి.

అట్లాగే నొప్పి మాత్రలు. ఈ మందులతో పాటు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి రోజూ వాడితే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ట్రమడాల్ కలిస్తే ఇంకో రకం ప్రమాదం. మీరేం వాడుతున్నారో మందుల షాపులో చెప్పండి. సిగ్గుపడి చెప్పకపోతే మేం ఆపలేం.

మళ్ళీ వచ్చింది. నేనేం తప్పు చేశాను?

ఏ తప్పూ చెయ్యలేదు. ఒకసారి వచ్చినవాళ్ళలో సుమారు సగం మందికి మళ్ళీ వస్తుందని, రెండుసార్లు వచ్చినవాళ్ళలో 70 శాతం, మూడుసార్లు వచ్చినవాళ్ళలో 90 శాతం మందికి ఇంకోసారి వచ్చే అవకాశం ఉందని మానసిక వైద్యుల లెక్క. ఇది ఎక్కువగా ఆస్పత్రులకు వచ్చినవాళ్ళను, అంటే బాగా తీవ్రంగా ఉన్నవాళ్ళను చూసి వేసిన లెక్క. అయినా తిరగబెట్టడం ఈ జబ్బు స్వభావంలోనే ఉందని దీంతో తెలుస్తుంది. ఆస్తమా తిరగబెడితే రోగిని తిట్టం.

2013లో మా బంధువు ఒకాయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "మనసు గట్టి చేసుకోవాలప్పా, నీకు ఆ గట్టితనం లేదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఇరవై రోజులు డాక్టరు దగ్గరికి పోలేదు, మనసు గట్టి చేసుకుంటూ పడుకున్నాను. ఆ ఇరవై రోజుల్లో తొందరగా తగ్గాల్సింది ఇంకా లోతుకు పోయింది. అందుకే ఎవరైనా ఆ మాట అంటే వినొద్దని చెబుతాను.

ఒక ఊరట కూడా ఉంది. మొదటిసారి నాకు దీని పేరే తెలియదు. రెండోసారికి ఏ మందు పడిందో చీటీ ఉంది, డాక్టరు తెలుసు, దిగి మళ్ళీ పైకి వచ్చిన దారి తెలుసు. అదివరకు పడిన మందే మళ్ళీ పనిచేసే అవకాశం బాగానే ఉంటుంది కాబట్టి పాత చీటీలు పారెయ్యకండి.

మొదటిసారి కారణం ఉండింది. ఈసారి ఏమీ లేదే, ఎందుకొచ్చింది?

2012లో మా నాయన పోయాడు, షాపు అప్పుల్లో ఉండింది. కారణం కళ్ళెదుట ఉంది. 2021లో సెకండ్ వేవ్ అప్పుడు రాత్రీ పగలూ షాపులో ఉన్నాను. మందుల కోసం ఏడ్చేవాళ్ళను చూశాను. అప్పుడు రాలేదు. అంతా సద్దుమణిగి, ఊళ్ళో యాత్రికుల సందడి మళ్ళీ మొదలై, ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నప్పుడు వచ్చింది. నేను ఎంత వెతికినా కారణం దొరకలేదు.

దీన్ని అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ పోస్ట్ 1992లో వివరించాడు. మొదటిసారి జబ్బు రావడానికి పెద్ద దెబ్బ కావాలి. ఒక్కోసారి వచ్చి పోయేకొద్దీ మెదడు ఆ దారికి అలవాటుపడి, తర్వాత తర్వాత చిన్న కష్టానికే, కొన్నిసార్లు ఏ కష్టం లేకుండానే జబ్బు రాజుకుంటుందని ఆయన వాదన. తడి కట్టెకు నిప్పంటుకోవడం కష్టం, ఒకసారి కాలి ఆరిన బొగ్గు ఊరికే అంటుకుంటుంది కదా, అట్లా. అందరికీ ఇట్లాగే జరుగుతుందని కాదు. కానీ "నాకు కష్టాలేమీ లేవు, కాబట్టి ఇది డిప్రెషన్ కాదు" అనుకుని ఆగిపోవద్దు. నేను రెండు నెలలు అట్లా ఆగిపోయాను.

తిరగబెడుతోందని ముందే ఎట్లా తెలుసుకునేది?

ఒక్కో మనిషికి ఒక్కో గుర్తు ఉంటుంది. అది పుస్తకాల్లో ఉండదు, ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. పైగా జబ్బు లోపలికి దిగేటప్పుడు మన కంటికి మనం కనబడం.

నా విషయంలో మా ఆవిడ కనిపెట్టింది ఒక అట్టపెట్టె వల్ల. మందుల షాపులో గడువు దాటిన సరుకును పెట్టెలో వేసి, నెల నెలా ఏజెన్సీకి వాపసు పంపాలి. పంపకపోతే ఆ డబ్బు పోతుంది. 2021 సెప్టెంబరులో ఒక ఆదివారం ఆమె షాపు ఊడ్చడానికి వచ్చింది. బల్ల కింద పెట్టె నిండి, పైన ఇంకో పెట్టె, దాని పైన విడి షీటులు. "ఏమండీ, ఇది మూడు నెల్లుగా ఇక్కడే ఉందే?" అంది. "ఏం లేదు, పంపిస్తాలే" అన్నాను. ఆమె చీపురు పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుని, నా ముఖంలోకి చూసి, "మళ్ళీ వచ్చింది కదా?" అంది. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

కోలుకున్నాక ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. ఆమె చేతిరాతే. గల్లాపెట్టెలో రబ్బరు స్టాంపు కింద ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

పేపరు మడత విప్పరు.
తెల్లవారి మూడింటికి లేచి కూర్చుంటారు.
గడువు దాటిన పెట్టె పంపరు.
ఫోన్ మోగితే పేరు చూసి పక్కన పెడతారు.
రోజుకు పదిసార్లు "ఏం లేదు" అంటారు.

వీటిలో ఏ మూడైనా ఒక వారం ఉంటే డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. ఫోన్ ఆమె చేస్తుంది, నేను వాదించకూడదు. బాగున్నప్పుడు నేనే ఒప్పుకుని సంతకం పెట్టాను, ఎందుకంటే బాగలేనప్పుడు నేను ఒప్పుకోను.

మీ కాగితం మీరు రాసుకోండి. నాకు తెలిసిన ఒకమ్మకు వాకిట్లో ముగ్గు చిన్నదైపోవడం గుర్తు. ముందు చుక్కల ముగ్గు, తర్వాత నాలుగు గీతలు, తర్వాత ఊరికే నీళ్ళు చల్లడం. చిత్తూరు దగ్గర పాడి ఆవులున్న ఒకాయనకు పాలు పితికేటప్పుడు ఆవులతో మాట్లాడటం ఆగిపోవడం గుర్తు, అది కనిపెట్టింది ఆయన మనవరాలు. పరీక్షలకు చదివే పిల్లలకైతే స్నానం వాయిదా పడటం, హాస్టల్లో మెస్‌కు దిగకపోవడం.

మొక్కు తీర్చుకున్నాం, తలనీలాలు ఇచ్చాం. ఇంకా మందులెందుకు?

ఈ ఊళ్ళో ఉండి ఈ ప్రశ్న వినని రోజు లేదు. నేనూ మొక్కుకున్నవాణ్ణే. 2014లో మోకాళ్ళు వణుకుతున్నా అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, తల నున్నగా చేయించుకుని వచ్చాను. ఆ రోజు నాకు నిజంగా ధైర్యం వచ్చింది. కానీ జేబులో మాత్ర కూడా ఉండింది, కొండ మీదే రాత్రి వేసుకున్నాను. స్వామి మాత్ర మానమని ఎవరికీ చెప్పలేదు. షుగరున్నవాళ్ళు మొక్కు తీర్చుకున్నాక ఇన్సులిన్ ఆపుతున్నారా?

తాయెత్తు కట్టించడం, మంత్రం వేయించడం, గాలి సోకిందని ఎక్కడెక్కడికో తిప్పడం గురించి మాత్రం గట్టిగా చెబుతాను. మనిషిని కొట్టడం, కట్టెయ్యడం, పస్తు ఉంచడం, పొగ పెట్టడం జరిగే చోటికి తీసుకుపోవద్దు. మిగతా పూజ ఏదైనా చేసుకోండి, మందుతో పాటు చేసుకోండి.

కౌన్సిలింగ్ అంటే ఊరికే మాటలే కదా?

కాదు. తిరగబెట్టకుండా ఆపడంలో మాత్రకు దీటుగా నిలిచిన పద్ధతులు ఉన్నాయి. ధ్యానాన్ని ఆలోచనల చికిత్సతో కలిపి ఎనిమిది వారాలు నేర్పే ఒక పద్ధతిని, మందు కొనసాగించడంతో పోల్చి బ్రిటన్‌లో 424 మంది మీద పరీక్షించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. రెండేళ్ళలో ధ్యానం నేర్చుకున్న గుంపులో 44 శాతం, మందు కొనసాగించిన గుంపులో 47 శాతం మందికి తిరగబెట్టింది. అంటే దాదాపు సమానం. అయితే ఇది బాగున్నప్పుడు నేర్చుకోవాల్సిన విద్య. మంచం మీద నుంచి లేవలేని రోజున ధ్యానం చెయ్యమంటే అయ్యే పని కాదు.

లేవలేని రోజులకు ఇంకో పద్ధతి ఉంది. ఉత్సాహం వచ్చాక పని చేద్దాం అని ఆగకుండా, చిన్న పని ఒకటి ముందే వేళ పెట్టుకుని చెయ్యడం, ఉత్సాహం తర్వాత దానంతట అది రావడం. గోవాలో వైద్యులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఈ పద్ధతితో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడించారు. తీవ్రంగా కుంగిపోయినవాళ్ళకు కూడా మేలు చేసిందని 2017లో తేలింది. నాకు మా డాక్టరు చెప్పిన మొదటి పని: పొద్దున ఏడింటికి వీధి చివరి కొట్టు దాకా నడిచి పాల ప్యాకెట్ తేవడం. అంతే. మొదటి వారం రెండు రోజులే తేగలిగాను. ఆ రెండూ రాసుకోమన్నారు.

నడక, యోగా, తిండి?

నడక మేలు చేస్తుంది, పరిశోధనల్లో పదే పదే కనిపించింది. రోజూ ఒకే వేళకు నిద్ర, ఒకే వేళకు లేవడం కూడా మేలు. తిండి వేళకు తినండి. ఫలానాది తింటే డిప్రెషన్ పోతుందని చెప్పే వీడియోల మీద డబ్బు పెట్టకండి.

మాత్ర వేసుకుంటూ తాగొచ్చా?

వద్దు. తాగుడు నిద్రను చెడగొడుతుంది, కుంగుబాటును పెంచుతుంది, క్లోనజెపామ్‌తో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

గర్భంతో ఉన్నవాళ్ళు ఆపెయ్యాలా?

భయపడి సొంతంగా ఆపొద్దు. గర్భంలోనూ కాన్పు తర్వాతా జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది, అది తల్లికీ బిడ్డకీ మంచిది కాదు. ఆ సమయంలో వాడగలిగిన మందులున్నాయి. పిల్లల కోసం అనుకుంటున్నప్పుడే డాక్టరుతో మాట్లాడితే ఇంకా నయం.

షాక్ ట్రీట్‌మెంట్ అంటే భయంగా ఉంది.

సినిమాల్లో చూపించేది చూసి వచ్చిన భయం అది. ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు సడలించి చేస్తారు. మత్తు లేకుండా చెయ్యడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అన్నం మానేసిన, మాట మానేసిన స్థితిలో, మందులు పనిచెయ్యనప్పుడు ఇది ప్రాణం నిలబెడుతుంది. కొన్నాళ్ళ జ్ఞాపకాలు చెదరడం దీని ఇబ్బంది, చాలావరకు సర్దుకుంటుంది.

చచ్చిపోవాలనిపిస్తోంది అంటున్నారు. ఏం చెయ్యాలి?

"అట్లా మాట్లాడొద్దు" అని నోరు మూయించకండి. పక్కన కూర్చుని, "చనిపోవాలనిపిస్తోందా? ఎప్పటినుంచి?" అని నేరుగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో మాత్రలన్నీ మీ దగ్గర పెట్టుకుని ఏ పూటకు ఆ పూట ఇవ్వండి. వ్యవసాయం ఇంట్లో పురుగుమందులు ఇంటి నుంచి బయటకు, వేరొకరి తాళం కిందికి పోవాలి. ఈ తలపు చాలాసార్లు ఒక ఉప్పెనలా వచ్చి తగ్గుతుంది. ఆ కాసేపు గడిస్తే మనిషి దక్కుతాడు.

మనసు బాగలేనప్పుడు ఫోన్‌లో సాయం చేసే సర్కారు సేవ టెలీ మానస్, నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రోగే చెయ్యాలని లేదు, ఇంట్లోవాళ్ళూ చెయ్యొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకుపోండి. పోలీసు కేసు అవుతుందని ఆలస్యం చెయ్యొద్దు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టంలో 115వ సెక్షన్ చెబుతోంది. ఆదుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా అందులోనే ఉంది.

తిరుపతి, చిత్తూరు వాళ్ళం ఎక్కడికి పోవాలి?

తిరుపతిలో రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఎస్వీ వైద్య కళాశాల దానికి అనుబంధం. చిత్తూరు వాళ్ళకు వేలూరు దగ్గర. అక్కడి సీఎంసీ ఆస్పత్రికి బాగాయంలో మానసిక వైద్య కేంద్రం ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కూ మన జిల్లాల నుంచి చాలామంది పోతారు. అయితే దూరం వెళ్ళి చూపించుకున్నా, నెల నెలా చూపించుకోవడానికి దగ్గర్లో ఒక డాక్టరును పెట్టుకోండి. తిరగబెట్టిన రోజున బెంగళూరు దాకా ప్రయాణం చేసే ఓపిక ఉండదు, ఆ కారణంతోనే చాలామంది పోవడం మానేస్తారు.

ఖర్చు భారమైతే జనౌషధి షాపుల్లో ఎస్సిటలోప్రామ్ లాంటివి బాగా తక్కువ ధరకు దొరుకుతాయి. నా వ్యాపారానికి నష్టమైనా చెబుతున్నాను: డబ్బుల్లేక మాత్ర మానొద్దు, అక్కడ కొనండి. ఆరోగ్య బీమా ఉంటే, శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బుల చికిత్సకూ బీమా ఇవ్వాలని ఆ 2017 చట్టమే చెబుతోంది. పాలసీ కాగితం తీసి అడగండి.

దేశంలో 12 రాష్ట్రాల్లో నిమ్హాన్స్ చేసిన 2015-16 సర్వేలో, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో సుమారు 85 శాతం మందికి వైద్యమే అందడం లేదని తేలింది. మీరు డాక్టరు గది ముందు కూర్చున్నారంటే ఆ మిగిలిన కొద్దిమందిలో ఉన్నట్టు.

పెళ్ళి సంబంధం చూస్తున్నాం. చెప్పాలా?

ఎక్కువమంది తల్లిదండ్రులు దాచమంటారు. నా అభిప్రాయం వేరు. మాత్రలు దాచుకుని వేసుకోవాల్సిన ఇంట్లో మాత్రలు ఎక్కువ రోజులు సాగవు. కొత్త పెళ్ళికూతురు సంచి అడుగున షీటు దాచి, మూడో వారానికే మానేసి, ఆరు నెలలకు పుట్టింటికి చేరడం నేను చూశాను. ఊరందరికీ చెప్పక్కర్లేదు. పెళ్ళి చేసుకోబోయే మనిషికి, మాటలు ఖాయం కాకముందు, తగ్గిన జబ్బు ఇది, వాడుతున్న మందు ఇది అని చెప్పండి. దాంతో వెనక్కి పోయే సంబంధం పోనీండి.

ఇంట్లోవాళ్ళం ఎట్లా మాట్లాడాలి?

తక్కువ మాట్లాడండి, పక్కన ఉండండి. "నీకేం తక్కువ?" అనొద్దు. "లేచి తిరుగు, అదే పోతుంది" అనొద్దు. అన్నం కలిపి పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి, తినమని బతిమాలకుండా మీరూ అక్కడే కూర్చుని తినండి. మా అమ్మ అట్లా చేసేది. ఒక్క మాటా అనేది కాదు. ఆమె తిన్నంతసేపు నేనూ రెండు ముద్దలు తినేవాణ్ణి.

తగ్గాక కూడా మీరు అలసిపోయి ఉంటారు. మీకూ మనసు బాగలేకపోతే డాక్టరుకు చూపించుకోండి. రోగిని చూసుకునేవాళ్ళను "నువ్వెట్లున్నావు?" అని అడిగేవాళ్ళే ఉండరు. మా ఆవిడను నేను అడగడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మీరిప్పుడెట్లా ఉన్నారు?

బాగుండాను. మాత్ర కొనసాగుతోంది, రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటాను. పోయిన నెల మూడు రోజులు వరసగా తెల్లవారి మూడింటికి మెలకువ వచ్చింది. నాలుగో రోజు పొద్దున మా ఆవిడ షాపుకొచ్చి బల్ల కింద చూసింది. పెట్టె లేదు, ముందు రోజే పంపించాను. అయినా గల్లాపెట్టె తెరిచి, కాగితం తీసి, డాక్టరుకు ఫోన్ చేసింది. నేను వాదించలేదు. ఆయన నిద్ర వేళలు అడిగి, మోతాదు మార్చకుండా రెండు వారాలు చూద్దామన్నారు, సాయంత్రం కాఫీ మానమన్నారు. పన్నెండో రోజు నుంచి అయిదింటి దాకా నిద్ర పడుతోంది.